చూడనట్టు

గొంతు నొప్పి అన్నాడు, కార్తీకంలో.
ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను.
మూడోనాటికి జ్వరం దిగింది.
మిగిలిన మాత్రలు గూట్లో పెట్టి
మిషను ముందు కూర్చున్నాను,
పెళ్లివారివి పదకొండు జాకెట్లు.

జ్వరం పోయిన దారినే
ఇంకేదో వచ్చింది.
మొదట కళ్లు, ఇసక పడ్డట్టు టపటపా.
తర్వాత మెడ. భుజం చెవిదాకా ఎగరేసి
లోపలికి లాక్కోవడం.
తర్వాత గొంతులోంచి ఒక చిన్న చప్పుడు,
తలుపు గొళ్లెం సరిగా పడనట్టు.

వాడి పేరు కూర్మనాథు.
శ్రీకూర్మంలో మొక్కుకుని పెట్టుకున్నాం.
కూర్మీ అని పిలుస్తాం.
"పేరుకి తగ్గట్టే మెడ దాచేస్తన్నాడు గుంటడు"
అని తోటికోడలు నవ్వింది.
ఆ రోజు నేనూ నవ్వాను.

ఒడియా బళ్లో మాస్టారు
వెక్కిరిస్తున్నాడని బెంచీ మీద నిలబెట్టారు.
పాతపట్నం నుంచి మా అమ్మ వచ్చి
ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది.
"ఘాటు రాలేదు సూడు, దిష్టే."
వాళ్ల నాన్న ఒకసారి చెయ్యెత్తాడు.
ఎత్తిన చెయ్యి చూసి
భుజం ఇంకా పైకెగిరింది.

పర్లాకిమిడి నుంచి బరంపురం, నాలుగు గంటల బస్సు.
డాక్టరమ్మ మహాపాత్రోకి తెలుగు కొంచెం వచ్చు.
గొంతులో దూది తిప్పింది, రక్తం తీయించింది,
వాడితో కాసేపు బంతి ఆడింది,
చీటీ వెనక బొమ్మ వేసింది:
ఇది పురుగు. ఇవి దాన్ని పట్టుకోడానికి
ఒళ్లు తయారుచేసుకున్న కాపలావాళ్లు.
పురుగు మొహమూ, మెదడులో ఓ మూల మొహమూ
ఒకలాగే ఉంటాయట.
కాపలావాళ్లు పొరబడతారట.

నాకు చప్పున అర్థమైంది.
లాక్‌డౌన్‌లో, చెక్‌పోస్టు దగ్గర,
పదేళ్లుగా ఈ ఊరి కోడల్ని,
రేషన్ కార్డు చూపిస్తున్నా
నా యాస విని ఆంధ్రా మనిషని
కర్ర అడ్డం పెట్టాడొక కుర్ర పోలీసు.
చెడ్డవాడు కాదు. ఎండలో నించున్నాడు.
రోగాన్ని ఆపమన్నారు, ఆపుతున్నాడు.
అక్కడికి మా డాబా కనబడుతోంది,
దాని మీద ఆరేసిన నా చీర కూడా.

"మూడో రోజుకే మాత్రలు ఆపేశాను.
అందుకేనా?"
బస్సంతా ఒళ్లో పెట్టుకొచ్చిన ప్రశ్న.
ఆవిడ కలానికి మూత పెట్టింది.
"హొయిపారే," అంది. "అవ్వొచ్చు. కాకపోనూ వచ్చు.
గొంతు నొప్పి పిల్లలందరికీ వస్తుంది, ఇది కొందరికే.
పెద్ద పెద్దవాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు."

మా ఆయనకి కోపం,
ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పోసి
ఒక హొయిపారే కొనుక్కెళ్తున్నామా అని.
నాకు మాత్రం ఆ మాట మెత్తగా తగిలింది.
తప్పు నీదేననే మాటలు
మా వీధిలో ఊరికే దొరుకుతాయి.

లేచేముందు ఇంకొకటి చెప్పింది: చూడకండి.
ఆపరా అనకండి. లెక్కపెట్టకండి.

చూడకుండా ఉండటం
నల్లగుడ్డ మీద నల్లదారంతో కాజాలు కుట్టడం.
సూదిలో దారం ఎక్కిస్తూ చూడను.
అన్నం కలుపుతూ చూడను.
వాడే ఒకరోజు చెప్పాడు, జామకాయ కొరుకుతూ:
"తుమ్ము వచ్చేముందు ఉంటాది కదమ్మా, అలాగ.
ఆపితే ఇంకా పెద్దదొస్తాది."

బడి నుంచి వస్తూ, కొమ్ము బొమ్మలు చేసే
నర్సింగ మహారణా కొట్టు ముందు ఆగుతాడు.
గేదె కొమ్ము వేడికి మెత్తబడి
కొంగ మెడ అవుతుంటే
వాడి కళ్లు కొట్టుకోవు, భుజం కదలదు.
ముసలాయన నాకేసి ఒకసారి చూసి
ఏమీ అనకుండా
ఆ మెడని ఇంకొంచెం నెమ్మదిగా వంచుతాడు.

మాఘంలో మళ్లీ గొంతు నొప్పి.
ఈసారి పది రోజులూ వేశాను,
క్యాలెండరు మీద సున్నాలు చుట్టి.
పదకొండో రోజు మెడ ఎగిరిందా?
ఏమో. నేను చూడలేదు కదా.

రాత్రి మాత్రం చూస్తాను.
నిద్రలో అన్నీ సద్దుమణుగుతాయి.
కూర్మి మెడ బయటపెట్టి,
పొడుగ్గా, దిండు దాటించి పడుకుంటాడు.
దోమతెర ఎత్తి పట్టుకుని
పగలంతా దాచిన చూపు
మొత్తం అక్కడే ఖర్చుపెట్టేస్తాను.