తారుమారు గుర్తు

దస్తగిరి సారు ప్రూఫు కాయితం మింద
పామును గీస్తాండె.
ఒక అక్షరం నెత్తిన పాకి
పక్క అక్షరం కడుపు కింద దూరే పాము.
"తారుమారు గుర్తు ఇది, ఓబులేసూ.
ఇంగ్లీషోళ్లు ట్రాన్స్‌పోజ్ అంటారు.
కొట్టేసేది లేదు, కొత్తది ఏరేది లేదు.
ఈడిది ఆడికి, ఆడిది ఈడికి."

ఎర్రముక్కపల్లె ప్రెస్సులో అప్పుడు నాకు పద్దెనిమిది.
సీసం అక్షరాలు తిరగేసి చదివి చదివి
ఒక దినం పెండ్లి పత్రికలో
'కడప నగరమున' అని పేర్చబోయి
'పడక నగరమున' అని పేర్చినా.
పెండ్లికొడుకు తాత ప్రూఫు చదివి
పండ్లు లేని నోటితో నవ్వి నవ్వి
కాయితాల కట్ట మీద కూలబడె.
సారు నవ్వలేదు. పామును గీసె.
"నడుమ డ ను మాత్రం ముట్టుకోవాకు."

మాపటేల సారు దర్గా కాడ హార్మోనియం పట్టేవాడు.
పాడే పిల్లోని గొంతు పగిలిన ఏడు
ఆయన వేళ్లు రెండు మెట్లు కిందికి దిగినాయి.
పాట అదే. గడప మారె.
తిత్తి ఆపకుండానే నా దిక్కు చూసి
"దీనికీ అదే మాటరా" అన్నాడు.

సారు పోయె. సీసం తూకానికి పోయె.
మిగిలిన అప్పుకు
పెంచలమ్మ కువైట్‌కు పోయె.
ఏజెంటు రాయించిన కాయితాల్లో
పేరు వెనక్కి, ఇంటిపేరు ముందుకి పడినాయి.
"గుర్రంపాటీ, నీళ్లు తే" అంటారంట ఆడ.
మా నాయన, మా తాత, వాళ్ల తాత
అందరూ కలిసి ఎవరింట్లోనో
గిన్నెలు తోముతాండారు.

నేను ఈడ జడ వేయను నేర్చినా.
ఎడమ పాయ నడుమకి, కుడి పాయ నడుమకి.
కంపోజిటర్ వేళ్లు కదా, తొందరగానే పట్టుకున్నాయి.
రిబ్బను ముడే ఇప్పటికీ జారిపోతాది.

రెడ్డిరాణికి ఎనిమిదో తరగతి లెక్కలు.
"సమానం గుర్తు దాటితే
కూడిక తీసివేత అయితాది నాయనా.
పక్షాంతరం అంటారు."
నేను సంగటి కెలుకుతా అడిగినా:
"మళ్లా ఈ పక్కకొస్తే?"
"మళ్లా మారుతాది."
"పాత గుర్తే వస్తాదా?"
పెన్సిలు కొరికి కొరికి
"లెక్కలో అయితే వస్తాది" అనె.

మొన్న ఎండాకాలం రెండు నెలలు సెలవిచ్చినారు.
పెంచలమ్మ వచ్చె.
మొదటి పొద్దు నాకంటే ముందు లేసి
పొయ్యి కాడ నిలబడి
చెయ్యి చాపి, దించి, మళ్లా చాపి
"ఉప్పు డబ్బా యాడ పెట్టినావు?" అని
నన్ను అడిగె.
నేను చెప్పినా. చెప్పినాక
ఇద్దరం కాసేపు
ఆ డబ్బా దిక్కే చూస్తా ఉండిపోతిమి.

రాత్రి పడక కాడ
ఎవరు ఏ పక్కనో
ఇద్దరికీ గుర్తు రాలేదు.
ఆమె ఇటు వచ్చె, నేను అటు పోతి,
మళ్లా ఆమె అటు, నేను ఇటు.
నడుమ రెడ్డిరాణి
నోరు తెరుచుకొని నిద్రపోతాండాది,
కదల్లేదు.