లోపలి మడత

నూట పద్నాలుగు మెట్లు మాకు.
చిట్టినగర్ వైపు కొండకి
ఒకదాని నెత్తిన ఒకటి అతుక్కున్న ఇళ్ళలో
పైనుంచి మూడో వరస, ఆకుపచ్చ తలుపు.

కింద కుళాయి వచ్చే వేళకి
ఒక బిందె పైకి చేర్చి
మళ్ళీ దిగేటప్పుడు వాణ్ణి ఎత్తుకుంటాను.
బిందె నయం.
నడుం మీద కుదురుగా కూచుంటుంది,
సిగ్గుపడదు.
వాడు మొహం నా చంకలోకి తిప్పేసుకుంటాడు
ఎదురొచ్చేవాళ్ళు కనబడకుండా.

పదమూడేళ్ళు ఈ మెట్లు వాడివి.
ఎవరు పైకెక్కినా వెనకే వచ్చి
గుమ్మం దాకా దిగబెట్టి పోయేవాడని
పిల్లలు కండక్టర్ అని పేరు పెట్టారు.
సెకండ్ షో చూసొచ్చేవాళ్ళకీ
నైట్ డ్యూటీ దిగిన రైల్వే ఖలాసీలకీ
టికెట్టు లేదు, చిల్లర గొడవ లేదు.

పోయిన వానల్లో
వెనక కాలొకటి మెట్టు మరిచిపోయింది.
దీపావళికి రెండోది.

పాత జీన్సు ప్యాంటు కాలు కత్తిరించి
లోపల మెత్తగా లైనింగు వేసి
స్కూలు బ్యాగు పట్టీలు రెండు బిగించాను.
పొట్ట కింద వేసి పైకి పట్టుకుంటే
ముందు కాళ్ళు వాడివి, వెనక కాళ్ళు నావి.
సందు చివర వేపచెట్టు దాకా
అలా ఒకే జంతువుగా వెళ్ళొస్తాం.
ఎండలు ముదిరాక మెట్లు పెనాలయ్యాయి.
ఈడ్చుకుపోయే ఆ రెండు పాదాలకి
మిగిలిన ముక్కలతో మేజోళ్ళు.

కొలతల పుస్తకంలో
విమలకుమారి టీచరు జాకెట్టుకీ
షమీమ్ చుడీదారుకీ నడుమ వాడిదో పేజీ.
ఛాతీ ఇరవై ఆరు. నడుం ఇరవై.
నెల తిరిగేసరికి పద్దెనిమిదిన్నర.
పెరిగే పిల్లల గౌనులో
రెండంగుళాలు లోపలికి మడిచి కుడతాం,
మరుసటేడు విప్పుకోడానికి.
తరిగేవాళ్ళకి ఏం వదలాలో
నాకు పని నేర్పిన అక్క చెప్పలేదు.

ఒక రాత్రి, మూడింటికి,
తెల్లారితే పెళ్ళికి ఇవ్వాల్సిన మగ్గం వర్కు జాకెట్టు
కుర్చీ మీంచి జారి వాడి పక్కలో పడింది.
తడిపేశాడు. ఇంకా ఏదో కూడా.
చెయ్యి చేసుకున్నాను.
వాడు అరవలేదు.
తోక ఊపుదామని చూశాడు.
తోక రాలేదు.

ఆ తెల్లవారుజామున
తాగే నీళ్ళ బిందె కూడా వంచేశాను
జాకెట్టుకి సగం, వాడికి సగం.

పశువుల ఆసుపత్రికి ఏసుపాదం ఆటోలో వెళ్ళాం.
చక్రాల బండి తెప్పించుకోవచ్చమ్మా అన్నాడు కుర్ర డాక్టరు.
ఇల్లెక్కడని అడిగాడు. చెప్పాను.
రాస్తున్న పెన్ను ఆగింది.
కాసేపటికి గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.
ఆ మాట నాతోపాటే మెట్లెక్కొచ్చి
గుమ్మం బయట కూచుంది.
లోపలికి రమ్మనలేదు దాన్ని.
పొమ్మనీ అనలేదు.

ఏసుపాదం డబ్బులు ముట్టుకోలేదు.
"స్టాఫ్ కదక్కా" అన్నాడు
వాడి చెవి వెనక గోకుతూ.

పొద్దుగూకి రాయి చల్లారాక
గోనెపట్టా గడప దగ్గరికి లాగుతాను.
కింద స్టేషన్ దీపాలు.
ఏదో బండి వచ్చి ఆగిన చప్పుడు.
ఆ తర్వాత మెట్ల మీద ఎవరివో చెప్పులు.
వాడి చెవి ఒకటి లేస్తుంది.
కళ్ళు మూసుకునే
ఆ అడుగుల వెంట పైదాకా పోతాడు,
మలుపు, విరిగిన మెట్టు, సైదమ్మ ఇంటి ముందు మురుగు,
అన్నీ దాటించి,
వాళ్ళ తలుపు గడియ పడ్డాక
ఒక్కసారి, చిన్నగా మొరుగుతాడు.
రైట్.

నేను మిషను తొక్కుతున్నాను.
పాత పట్టీ వదులైంది, కొత్తది కావాలి.
అలవాటున చెయ్యి
రెండంగుళాలు లోపలికి మడిచేసింది.
చూసుకునేసరికి సగం కుట్టు పడిపోయింది.

విప్పలేదు.