సాక్షి గొట్టం

గరివిడి స్టేషను వెనక, లారీల కాటా పక్కన,
రేకుల షెడ్డులో మీసాల ఎర్నమ్మ
రాయి నలగ్గొట్టి కుప్ప పోస్తుంది.
కుప్ప నెత్తిన అరచేత్తో అదిమి
నాలుగు పాళ్లు చేసి
ఎదురెదురు పాళ్లు రెండు పారబోస్తుంది.
మళ్లీ కుప్ప. మళ్లీ నాలుగు.
లారీడు కొండ
ఆఖరికి గుప్పెడు పొడయి
చీటీతో నా బల్ల మీదికొస్తుంది.

మాంగనీసు ఎంత శాతమో నేను చెప్తాను.
ఎక్కడిదో ఆమె చెప్తుంది:
"ఇది కోడూరుది బాబూ, బరువు సూడు.
ఇది దేవాడది. దీని నలుపు రెండ్రోజులు సేతినొగ్గదు."

మధ్యాహ్నం ఫోనులో బొమ్మ చూపించాను.
ఎర్రనేల మీద జానెడు గొట్టం
ఒంటరిగా పడుకుని ఉంది.
అంగారకుడి మీద బండొకటి రాయి తొలిచి
అందులో బిగించి వదిలిందనీ,
తేవడానికి ఇంకా ఎవరూ బయల్దేరలేదనీ,
ఖర్చు దగ్గర ఆగిందనీ చెప్పాను.

చోడంబలి తాగి, మూతి తుడుచుకుని
మూల బీరువా వైపు గడ్డమెత్తింది.
మూతపడ్డ గనుల పొట్లాలు.
"అట్టికెల్తామన్నోలు హుద్‌హుద్ గాలికి ముందేడు
సంతకమెట్టి ఎల్లారు.
సుక్కురారం సుక్కురారం దులుపుతున్నాను.
సీటీ సెరిగిపోతే రాయికి ఊరుండదు గదేటి."

ఒక గొట్టంలో ఏమీ నింపలేదన్నాను.
ఖాళీగా తెరిచి, మూసి,
మిగతావాటి పక్కన పెట్టారు.
ఇక్కడి దుమ్ము, ఇక్కడి చేతుల జిడ్డు
అంత దూరం ఎంత వెంట వెళ్లిందో
అది పట్టిస్తుంది.
దాన్ని సాక్షి అంటారు.

ఎర్నమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది.

పదకొండేళ్లుగా ఆమె చెమట
నా శాతాల్లో కలుస్తూనే ఉంది.
నేనెప్పుడూ తీసివేత వెయ్యలేదు.
రాయి ఆమెలో కలవడం
అంతకు చాలా ముందు మొదలయింది.
ఈ మధ్య సూదిలోకి దారం వెళ్లడం లేదు.
గ్లాసెత్తితే నీళ్లు
తాగేలోపే సగం చీర తాగుతోంది.
వయసన్నాడు డాక్టరు.
కంపెనీ డాక్టరు.

"ఆ కాళీదాని మీద సీటీ ఏటని రాసారు?"
తెలీదన్నాను.

సాయంత్రం పొట్లాలు లెక్కపెడితే
ఒకటి ఎక్కువొచ్చింది.
మూతి గట్టిగా కట్టి ఉంది. లోపల ఏమీ లేదు.
చీటీ మీద ఊరి పేరుండాల్సిన చోట
నల్లటి వేలిముద్ర,
వణికి రెండుసార్లు పడింది.

నా దగ్గరున్న ఏ ఆమ్లమూ
దాన్ని కరిగించి అంకె చెప్పదు.
సొరుగులో పెట్టాను.
శుక్రవారాలు దులుపుతున్నాను.