సాధారణ నివాసం

లైబ్రరీ మెట్ల కింద మాకో బల్ల ఇచ్చారు,
కెమిస్ట్రీ ల్యాబు పారేసిన పాత బల్ల.
దాని మీద ఏ రంగు గుడ్డ పరచాలన్నదే
మొదటి రోజు గొడవ.
గులాబీ వద్దు. కాషాయం అసలే వద్దు.
ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నీలం,
ఒక్కో రంగునూ ఎవరో ఒకరు
మాకంటే ముందే ఎత్తుకుపోయారు.
పోనీ పేపర్ పరుద్దామంటే
"ఏ పేపర్?" అంది నౌషీన్.
పడీ పడీ నవ్వి
బల్లను ఉత్తదిగానే వదిలేశాం.

"ఏ పార్టీ మీరు?"
పదకొండు రోజుల్లో ఎక్కువసార్లు విన్న మాట ఇదే.
ఏ పార్టీ కాదంటే నమ్మరు.
కండువాల్లేవు, బిర్యానీ ప్యాకెట్లు లేవు,
మరి ఎందుకు కూసున్నరు పాపం అని చూస్తారు.
ఎవర్నో పిలుద్దామని చేయి ఎత్తబోతే
నౌషీన్ నా మణికట్టు పట్టి దించింది,
"గుర్తు అనుకుంటారే తల్లీ!"

సంయుక్త అక్టోబరు రెండున పుట్టింది.
ఒకటో తారీఖుకు పద్దెనిమిది నిండాలి.
ఒక్క రోజు!
"గాంధీ తాతతో పోటీకి పోయి చెడిపోయినక్కా" అంది.
ఫారం ఇప్పుడే ఇవ్వచ్చు, జనవరికి పేరెక్కుతుందంటే
అక్కడే నిలబడి, బ్యాగు వీపు మీంచి దించకుండా నింపింది.

బానోతు చరణ్ మాత్రం బల్ల మీద మోచేతులాన్చి
"నా ఒక్కని ఓటుతోని ఏమైతది?" అన్నాడు.
బట్టీ పట్టిన జవాబు ఉండె నా దగ్గర, అంకెలతో సహా.
నోటికి రాలేదు.
"ఏమో, నాకూ తెల్వదు.
క్యాంటీన్ల చాయ్ పదిహేను చేసిననాడు
నువ్వొక్కనివే గదా ముందు ఒర్రింది" అన్నాను.
ఫారం ఎనిమిది మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.
మళ్లీ రాలేదు.

నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మన్ యాదగిరి
"బతికే ఉన్న బిడ్డా, జర చూడు" అన్నాడు.
పోయినసారి లిస్టులో పేరు లేదని తిప్పి పంపారట.
ఫోన్లో వెతికాం. తండ్రి పేరులో ఒత్తు పోయి
పక్క గల్లీ బూతులో దొరికాడు.
అద్దం మీద వేలు పెట్టి
తన పేరు తనే కూడబలుక్కుని చదువుకున్నాడు.
ఆ తర్వాత కూడా కాసేపు కదల్లేదు.

నూట నలభై మూడు ఫారాలు.
నాది ఒక్కటే స్టాప్లర్ కింద ఖాళీగా.
అచ్చంపేటలో రాయిస్తానన్నాడు బాబాయి,
ఎవరికెయ్యాల్నో కూడా తనే చెప్తాడట, కష్టం లేకుండా.
ఫారమేమో అడుగుతోంది:
సాధారణ నివాసం?

బర్కత్‌పురా హాస్టల్, గది పద్నాలుగు, కిటికీ పక్క మంచం.
మూత లేని మ్యాన్‌హోల్‌లో ఎవరో గుచ్చిన వేపకొమ్మ,
అది ఎండితే ఇంకోటి గుచ్చుతారు.
ట్యాంకర్ రాని గురువారం.
వెలగని దీపస్తంభం దగ్గర్నుంచి
గేటు దాకా మేం ఊపిరి బిగబట్టి నడిచే
అరవై అడుగులు.
మూడేళ్లుగా అన్నీ అలవాటే.
అలవాటైందల్లా సాధారణమేనా?

బాబాయికి సాయంత్రం ఫోన్ చేసి చెప్పాలి. తిడతాడు.

రాశాను.

అయిదింటికి అటెండర్ కిష్టన్న వచ్చాడు బల్ల కోసం.
ఫారాలన్నీ ఎత్తి కవర్లో పెట్టాం.
బాల్‌పెన్ మరీ గట్టిగా నొక్కినట్టున్నాను,
పాత యాసిడ్ మరకల పక్కన
చెక్క మీద లీలగా నా గది నంబరు.
కిష్టన్న గుడ్డతో ఓసారి తుడిచాడు,
ఉమ్మి తడి చేసి ఇంకోసారి.

పోలేదది.