మూడో రాత్రి కూత

రుద్రంపేట బైపాస్ దిగినాక
స్తంభాలుండి దీపాలు లేని వీధి.
ప్లాట్ల మధ్య సున్నం పూసిన రాళ్ళు,
రాళ్ళ మధ్య కంకర,
కంకరలో నా వాల్వు గుంత.
మూడు రోజులకొకసారి
రాత్రి మూడింటికి వచ్చి తిప్పుతా.
ఇరవై రెండేండ్లుగా ఈ ఊరికి నీళ్ళిడిచే పని నాది.

నన్ను చూసి లేచేది ఒక్కటే.
తీతువు.

సైకిల్ స్టాండు ఇంకా వేసుండను,
బ్యాటరీ లైటు ఇంకా తీసుండను,
చీకట్లో యాడనుంచో
తీ... తీతువ్! తీ... తీతువ్!
దొంగ దొరికినట్టు ఊరంతా చాటుతుంది.
"నేనేలేవే, నీళ్ళ గంగన్నని" అంటా.
వింటుందా?
ఎన్నేండ్ల సర్వీసైతేనేం,
దానికి నేను ప్రతిసారీ కొత్త దొంగనే.

ఆచారిగారు పోయిన తెల్లారి
ఆ వీధిలో అందరి నోటా అదే మాట:
"రాత్రి తీతువు కూసింది, విన్యారా?
పిలుచుకోని పోయింది."
బీడీ ఆర్పి తల దించుకున్నా.
అది పిలిచింది ఆయన్ని కాదు,
తిట్టింది నన్ను.
ఆయన షుగరు, ఆయన కిడ్నీలు, ఆయన తొంబై ఏండ్లు
ఎవరి లెక్కలోకీ రాలా,
నేరం పిట్ట మీద పడింది.
చెప్పొచ్చు. చెప్పలా.

మార్చి నెలాఖర్న గుడ్లు కనబడినాయి.
గూడంటే గూడు కాదు,
పుల్ల లేదు, పీచు లేదు.
అరచేతంత పల్లం,
మొనలు లోపలికి పెట్టి నాలుగు గుడ్లు.
కంకర రంగు, కంకర మచ్చలు.
కాలు పెట్టబోయి ఆగినా.
రిజిస్ట్రేషను లేకుండా, అడ్వాన్సు ఇయ్యకుండా
ఈ వెంచర్లో కాపురం పెట్టింది ఇదొక్కటే.

పొద్దున పోయి నిదానంగా చూసినా.
బొగ్గు పూసినట్టు తల,
కంటి ముందర చింతగింజంత ఎర్ర తోలు,
శనక్కాయ పొట్టు రంగు వీపు,
పసుపు రాసుకున్న పొడుగు కాళ్ళు.
నాలుగడుగులు పరిగెత్తి టక్కున నిలబడుతుంది,
పొయ్యి ఆపినానా లేదా అని
దారిలో గుర్తొచ్చిన మనిషి మాదిరి.

నలభై మూడు డిగ్రీలు.
కోడిపెట్ట గుడ్లకు వేడి ఇస్తుంది,
ఇది నీడ ఇస్తుంది.
ఆడది పోతే మగది, మగది పోతే ఆడది,
గుడ్ల మీద గొడుగులా నిలబడి.
నా వాల్వు గుంతలో ఊరే నీళ్ళలో
రొమ్ము తడుపుకోని
గబగబా నడిచొచ్చి కూచుంటుంది.
ఎండలో నిండు బిందెతో వచ్చే ఆడమనిషి నడక అది.

ఏఈ సార్ ఫోను:
"గ్లాండు కారుతోందంట, బిగించు."
స్పానరు పట్టుకోని గుంత కాడ కూచున్నా.
ఈ ఊర్లో చుక్క విలువ నాకెవరూ చెప్పబల్లేదు.
కుళాయి కాడ జుట్లు పట్టుకున్న వీధులు చూసినా,
ఆఖరి ఇంటికి గాలి తప్ప రాని వేసవులు చూసినా.
అయినా
నట్టు ఒక అర చుట్టు వదిలేసినా.
తప్పే.
ఇరవై ఎనిమిది రోజుల తప్పు. రాసుకోండి.

ముంగిస వచ్చిన పొద్దు
తల్లి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటా
కుంటుకుంటా ముందర పరిగెత్తింది.
ముంగిస సగమే మోసపోయింది.
నాలుగింట్లో మూడు మిగిలినాయి.
ఆ మూడూ పుట్టిన పూటే నడిచినాయి,
అగ్గిపుల్లల కాళ్ళు, దుమ్ము రంగు దూది.
తల్లి ఒక్క కూత కూస్తే
యాడివాడనే రాళ్ళైపోతాయి.
అవి కంకర దాటి కంపల్లోకి పోయిన సాయంత్రమే
నట్టు బిగించినా.

చివరింటి సుంకులమ్మ అనింది ఒకసారి:
"గంగన్నా, కుక్కలొస్తే ఒక తీరు కూస్తాది,
నువ్వొస్తే ఇంకో తీరు.
నీ కూత ఇనబడితే లేసి బిందెలు కడుక్కుంటా."
ఏం మాట్లాడాలో తెలీలా.
బీడీ కోసం జేబు తడుముకున్నా.

వచ్చే నెల నా రిటైర్మెంటు.
నిన్న రాత్రి కొత్త పిల్లోడు ఫకృద్దీన్‌ని
గుంత చూపించడానికి పిలుచుకపోయినా.
సైకిలు ఆగకముందే కూసింది.
వాడు అదిరిపడి,
"మామా, ఎవరన్నా పోతారా?"
"ఎవరూ పోరు గానీ
కాలు ఎడమకు పెట్టు. ఆడ కాదు. ఇంకొంచెం."

చివరింట్లో కిటికీ వెలిగింది,
స్టీలు బిందె మోగింది.
పైన చీకట్లో అది ఇంకా తిడతానే ఉండాది,
ఈసారి ఇద్దర్నీ.