దద్దురు లేని దురద

మోచేతి మడతలో మొదలైంది.
ఎర్రన లేదు, పొక్కు లేదు, దద్దురు లేదు.
గోరు తగలగానే పక్కకు జరుగుతుంది,
అద్దె ఎగ్గొట్టి గదులు మారేవాడిలా.
వారం తిరక్కుండా తలనొప్పి:
ఎడమ కంటి వెనక, బొట్టుబిళ్లంత మేర,
రోజూ సాయంత్రం నాలుగింటికి,
హల్ నగరం మీద నవంబరు చీకటి దిగే వేళకి.

ఈ ఊళ్లో అందరూ అందరినీ "లవ్" అంటారు.
బస్సు డ్రైవరు అంటాడు, చేపలు వేయించే ఆవిడ అంటుంది,
మా కారవాన్ ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్డు చూసే ముసలాయన అంటాడు.
గారెత్ ఒక్కడే నన్ను పేరు పెట్టి పిలిచాడు.
సు-వర్-చ-ల.
నాలుగు మెట్లెక్కినట్టు, ఆగి ఆగి.

స్కార్‌బరోలో ఒక రాత్రి.
సముద్రం కనిపిస్తుందన్న గది;
తెర తీస్తే మూరెడు దూరంలో ఇంకో గోడ.
పడీ పడీ నవ్వుకున్నాం.
జాగ్రత్త మాట మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

నాకు ముప్ఫై తొమ్మిది. విడాకుల కాగితం వచ్చి మూడేళ్లు.
తప్పనిపించలేదు అప్పుడు. ఇప్పుడూ అనిపించదు.
మరి నా ఒళ్లు
నామీద ఎవరికి పితూరీలు చెబుతోంది?

పాలకొల్లు బస్టాండు గోడ మీద ఎర్ర పుర్రె బొమ్మ ఉండేది.
మా వీధిలో లారీ నూకరాజు ఉండేవాడు.
అరుగు మీద కూచుని చేతులు గోక్కుంటూ ఉండేవాడు, పొద్దస్తమానం.
"అదే, ఆ జబ్బే" అనేది అమ్మ గొంతు తగ్గించి,
పేరు పలికితే నాలుక్కి అంటుకుంటుందేమోనన్నట్టు.
ఓ ఎండాకాలం మధ్యాహ్నం మంచినీళ్లడిగాడు.
పదకొండేళ్ల నేను చెంబు ఎత్తిపట్టి దోసిట్లోకి పోశాను.
ఎంత పైనుంచంటే,
సగం నీళ్లు ఆయన చొక్కా మీదే పడ్డాయి.
తుడుచుకోలేదు.
"చాలమ్మా" అన్నాడు.

సంగతి తేలాలంటే నలభై ఐదు రోజులు ఆగాలన్నారు ఇక్కడ.
మా నాన్న వేసుకునే అయ్యప్ప మాలకన్నా నాలుగు రోజులెక్కువ.
మాల లేదు, శరణు పలికే తోడూ లేదు.
ఆ రోజులన్నీ
నా గ్లాసు నేనే వేరుగా బోర్లించుకున్నాను,
నేనొక్కదాన్నే ఉండే ఇంట్లో.

మారీన్ అనే నర్సు రబ్బరు పట్టీ బిగించింది.
సూది సరిగ్గా ఆ మడతలోకే.
"దురద చెప్పదు, తలనొప్పి చెప్పదు, లవ్,
చెప్పాల్సింది ఈ సీసానే" అంది.
"ఒకవేళ ఉందనుకో, రోజుకో మాత్ర.
నీకంటే ముందు నేనే పోతాను, నా సిగరెట్లు చూశావుగా."
బీపీ గురించి మాట్లాడినంత మామూలుగా.
నవ్వబోయాను.
ఆ మాత్ర అందని మనిషి తడిచొక్కా గుర్తొచ్చి
నవ్వు మధ్యలో ఆగింది.

మూడో రోజు, భోజనం బల్ల దగ్గర, ఫోను వణికింది.
లేదట.
లేదు అనే మాట ఇంత చిన్నదా అని
దాన్ని నాలుగైదుసార్లు చదివాను.
గారెత్‌కి రాశాను: నాకు లేదు. నువ్వూ చూపించుకో. భయపడకు.
చివరి మాట ఎవరికి రాశానో తెలీదు.

చేయి మాత్రం గోక్కుంటూనే ఉన్నాను.
ఎదురుగా దొరోతా శాండ్‌విచ్ పక్కన పెట్టి
నా చొక్కా చేతిని లైటు కిందికి లాగింది.
నూలులో చిక్కుకుని మెరుస్తున్నాయి గాజు నూగులు.
గోడల్లో కూరే ఆ పచ్చదూది పనిలోకి
నన్ను మార్చింది సెప్టెంబర్లోనే.
"కొత్తలో అందరికీ ఇంతే, చన్నీళ్లతో కడుక్కో" అంది నోటినిండా రొట్టెతో.
అదే అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు.
తలనొప్పికి ఇంకా ఏ పేరూ దొరకలేదు;
నాలుగయింది, వచ్చింది.

ఆ రాత్రి వంటింట్లో
కూజా అంచు గ్లాసు అంచుకి తగిలేదాకా దించి
నీళ్లు పోసుకున్నాను.
చిన్న చప్పుడు.
ఒక్క బొట్టు బయట పడలేదు.
తాగకుండా చాలాసేపు నిలబడ్డాను,
ఎవరైనా వచ్చి అడిగితే ఇద్దామన్నట్టు.