పట్టా నకలు

నవంబరు నెలాఖరు. వరంగర్‌లో సూర్యుడు
సెలవు పెట్టేశాడు.
తొమ్మిదో తరగతి. పద్నాలుగు మంది. తడి చేతితొడుగుల వాసన.

భూమి పట్టా నకళ్లు పంచాను.
పాత చట్టం ఒక్క ముక్కలో చెప్పాను:
నార్వే భాష మాట్లాడాలి, చదవాలి, రాయాలి,
రోజూ అదే వాడాలి,
అప్పుడే ఈ నేల నీది.
నేలకీ ఆ భాషలోనే పేరుండాలి.

"చేపలు ఆరేసే రాళ్లక్కూడానా?"
ఎల్లె అడిగింది. అందరూ నవ్వారు.
నవ్వనిచ్చాను. ఆ నవ్వు ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు.

మా ముత్తాత తన కొండవాలుని బస్సెవారి అనేవాడు.
బస్సె అంటే పవిత్రం. వారి అంటే కొండ.
అక్కడ ఎవరూ గట్టిగా అరిచేవారు కాదు.
పట్టాలో అది ఫాగెర్లి.
అందమైన వాలు అని అర్థం.
బిస్కట్ డబ్బా మీద అచ్చువేసుకోదగిన పేరు.
ముత్తాత రెండుసార్లు పలకబోయి
మూడోసారి ఊరుకుని సంతకం పెట్టాడట.

ఆ కింద అధికారి సంతకం.
రాత్రి నకలు తీసేటప్పుడు
దానిమీద తెల్లకాగితం పట్టీ అడ్డం పెట్టాను.
పట్టీ జారింది. నేను చూసుకోలేదు.
మిక్కల్ చూశాడు. పైకే చదివాడు:
"హౌక్‌నెస్."

పదమూడు తలలు ఒక్కసారే
కిటికీ పక్కకి తిరిగాయి,
తోర్గెయిర్ హౌక్‌నెస్ వైపు.
ముందు వాడి చెవులు ఎర్రబడ్డాయి.

పన్నెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను.
మావాళ్లనైతే పేరుపేరునా చదివి
అవతలివైపు "ప్రభుత్వం" అని దాటేసేదాన్ని.
ప్రభుత్వానికి చెవులుంటాయనీ
అవి పద్నాలుగేళ్ల పిల్లాడికి వారసత్వంగా వస్తాయనీ
ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

గంట కొట్టాక వాడొక్కడే ఉండిపోయాడు.
"ఆయనకి మీ భాష వచ్చా?"
అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తీపిగానే ఉంది.
"బాగానే వచ్చుంటుంది.
బస్సె అంటే ఏమిటో తెలిసినవాడికే
దాన్ని అంత శుభ్రంగా తీసెయ్యడం చేతనవుతుంది."

వాడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.
మళ్లీ విప్పాడు.

బస్సు అద్దం మీది ఆవిరిలో
వేలితో ఏదో రాస్తున్నాడు.
లోపలినుంచి రాసింది, బయట నిలబడ్డ నాకు
తిరగబడి కనిపించింది. కూడబలుక్కుని చదివాను.
బస్సెవారి. ఒక అక్షరం తక్కువ.

దిద్దడానికి చెయ్యెత్తి, దింపేశాను.
ఆ మాట నేనూ ముప్పై దాటాక
రాత్రిబడిలో నేర్చుకున్నదాన్నే.